రెండు పాటల పళ్లెం

ఏడంగుళాల వినైల్ సింగిల్ అరచేతికన్నా కాస్త పెద్దదైన నల్లటి పళ్లెం. బరువు 40 గ్రాముల పైచిలుకు. నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది. ఒక వైపు ఒక పాట, తిరగేస్తే రెండో వైపు ఇంకో పాట, అంతటితో సరి. నాలుగైదు నిమిషాలకోసారి కుర్చీలోంచి లేచి ముల్లు ఎత్తి పెట్టుకోవాలి. పెద్ద కంపెనీలు 1990లలోనే దీన్ని దాదాపుగా అటకెక్కించాయి. వదలకుండా పట్టుకున్నవి చిన్న స్వతంత్ర లేబుళ్లు. వాటిలోనూ సైకెడెలిక్, జానపద బాణీలనే నమ్ముకున్న లేబుళ్ల పట్టు మరీ గట్టిది.

ఆ కోవలో బాగా పేరున్నది ఇంగ్లండులోని ‘ఫ్రూట్స్ డి మేర్ రికార్డ్స్’. లండన్‌కు నైరుతిన, థేమ్స్ నది ఒడ్డున ఉన్న వాల్టన్ దాని ఊరు. 2008లో కీత్ జోన్స్, ఆండీ బ్రాకెన్ అనే ఇద్దరు రికార్డు ప్రియులు దాన్ని మొదలుపెట్టారు. పేరుకు ఫ్రెంచిలో అర్థం సముద్రపు తిండి, అంటే రొయ్యలు, పీతలు, గుల్లలు. ఆ పరాచికాన్ని వాళ్లు పేరుతో ఆపలేదు. రికార్డుల వరుస సంఖ్య ముందు ‘క్రస్టేషియన్’ అని వేశారు. అనుబంధ లేబుల్‌కు ‘రీగల్ క్రాబోమోఫోన్’ అని నామకరణం చేశారు. పాత బ్రిటిష్ లేబుల్ ‘రీగల్ జోనోఫోన్’ పేరులోకి ఓ పీత దూరిందన్నమాట. డౌన్‌లోడ్లు అమ్ముకోవడం దీని దారి కాదు. వినైలే సరుకు, ఎప్పుడైనా ఒక సీడీ ఇస్తే అది కొసరు.

లక్క నుంచి వినైల్‌కు

వినైల్ రాకముందు గ్రామఫోన్ రికార్డుకు ప్రధానమైన ముడిసరుకు లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కట్టే గూళ్లను గీకి, కరిగించి, రాతిపొడి కలిపి పళ్లేలు అచ్చువేసేవారు. ప్రపంచానికంతటికీ ఆ లక్క ఎక్కువగా వెళ్లింది భారతదేశం నుంచే, అందులో ఛోటానాగపూర్ అడవుల వాటా పెద్దది. అమెరికాలో జాజ్ మోగినా, ఇటలీలో ఆపెరా మోగినా అడుగున ఉన్నది ఈ దేశపు పురుగు కష్టమే. 78 చుట్ల ఆ రికార్డు బరువుగా, పెళుసుగా ఉండేది. చేయి జారితే ముక్కలే. పది అంగుళాల పళ్లెంలో ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట పడితే గొప్ప.

రెండో ప్రపంచ యుద్ధంలో లక్క సరఫరా దెబ్బతినడంతో వినైల్ ప్లాస్టిక్ వైపు చూపు మళ్లింది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును బయటపెట్టింది. దానికి పోటీగా ఆర్‌సీఏ విక్టర్ 1949 మార్చి 31న ఏడంగుళాల 45ను తెచ్చింది. జ్యూక్‌బాక్స్ యంత్రం పట్టుకోవడానికి వీలుగా దాని నడుమ ఒకటిన్నర అంగుళాల బెజ్జం ఉండేది. బ్రిటన్‌లో మాత్రం మామూలు చిన్న బెజ్జంతోనే అచ్చు వేసి, కావాలంటే మధ్య ముక్కను విరుచుకునేలా చేశారు.

తెలుగు ఇళ్లలో ఈ పళ్లేనికి దగ్గరి చుట్టం ఈపీ. అదే ఏడంగుళాలు, అదే 45 చుట్లు. కాకపోతే గాడిని కాస్త ఇరుకుగా చెక్కి వైపుకు రెండేసి పాటలు ఇరికించేవారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లోని హెచ్‌ఎంవీ ఫ్యాక్టరీలో అచ్చయిన తెలుగు సినిమా ఈపీలు, అట్ట మీద నాయికానాయకుల బొమ్మతో, క్యాసెట్లు వచ్చి కబళించేదాకా ఊళ్లలోని మైకుసెట్ల వాళ్ల పెట్టెల్లో బొత్తులుగా ఉండేవి. పెళ్లి పందిట్లో అరిగిన రికార్డు ఒకేచోట చిక్కుకుని అదే ముక్క పదేపదే పలకడం ఆ తరానికి బాగా తెలిసిన ముచ్చట.

రెండు బాణీలు

సైకెడెలిక్ అన్న మాటను పుట్టించినవాడు హంఫ్రీ ఆస్మండ్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు. మనసు, వెల్లడి అనే రెండు గ్రీకు మాటల్ని కలిపి 1957లో ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన ఉద్దేశించింది ఎల్‌ఎస్‌డీ వంటి మందులను. పదేళ్లు తిరిగేసరికి ఆ మాట శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్ కుర్రకారు సంగీతానికి అంటుకుంది. మందుతో సంబంధం ఉన్న మాట నిజమే కానీ, దీన్ని మత్తు సంగీతం అని తీసిపారేస్తే అసలు సంగతి పోతుంది. వినడానికి వచ్చేసరికి ఈ బాణీని గుర్తుపట్టించేవి స్టూడియోలో చేసిన చేతి పనులు. టేపును వెనక్కి తిప్పి పాటలో కలపడం, ఒకే ధ్వనిని రెండు టేపుల మీద రవ్వంత తేడాతో నడిపి సుడిగాలి చుట్టినట్టు వినిపించేలా చేయడం, తంబూరా శ్రుతిలాంటి ఒకే నాదాన్ని అడుగున సాగదీయడం. బీటిల్స్ 1966లో ‘రెయిన్’ పాటలో గొంతును వెనక్కి తిప్పారు. 1967లో స్మాల్ ఫేసెస్ బృందం ‘ఇచీకూ పార్క్’లో ఆ సుడి ధ్వనిని, అంటే ఫేజింగ్‌ను, జనం నోళ్లలో నానేలా చేసింది.

ఈ పాటల్లో ఎక్కువగా వినిపించే మరో వాద్యం మెలొట్రాన్. 1963లో బర్మింగ్‌హామ్‌లో తయారవడం మొదలైంది. చూడ్డానికి హార్మోనియం పెట్టెకు పెద్దన్నలా ఉంటుంది. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క, దాని మీద వేణువో వయొలిన్లో ఆ స్వరంలో వాయించి రికార్డు చేసి ఉంటాయి. మెట్టు నొక్కితే టేపు కదులుతుంది, వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. టేపు నిడివి 8 సెకన్లే. అంతకుమించి నొక్కి ఉంచితే స్వరం ఠక్కున తెగిపోతుంది. అందుకే మెలొట్రాన్ వాయించేవాళ్ల వేళ్లు ఎప్పుడూ ఒక మెట్టు మీంచి మరో మెట్టుకు సాలెపురుగులా పాకుతుంటాయి. ఆ టేపుల వణుకే ఇప్పటి బృందాలకు ముద్దు. అసలు యంత్రం దొరకనివాళ్లు కంప్యూటరులో దాని నకలు పెట్టుకుని, వణుకును కూడా కొలిచి మరీ కలుపుతున్నారు.

జానపదం అనగానే తెలుగు పాఠకుడికి ఏతం పాట, కోలాటం, ఒగ్గుకథ గుర్తుకొస్తాయి. బ్రిటన్‌లో ఫోక్ అనే మాట అంతకంటే విశాలమైంది. పాత పల్లెపాటలు, ఓడ సరంగుల పాటలతో పాటు, వాటి పద్ధతిలో పట్నపు కుర్రాళ్లు గిటార్ పట్టుకుని కొత్తగా కట్టినవి కూడా దాని కిందికే వస్తాయి. 1939లో కార్మికుల సంగీత సంఘం అండతో మొదలైన టాపిక్ రికార్డ్స్ ఈ పాటలకు తొలి ఆసరా. అది ఇప్పటికీ నడుస్తోంది. 1962లో టాపిక్ విడుదల చేసిన ‘3/4 ఏడీ’ అనే ఏడంగుళాల ఈపీలో డేవీ గ్రాహం వాయించిన ‘యాంజీ’ అనే చిన్న గిటార్ గతి ఒక తరం వాద్యకారులందరికీ ఓనమాలైంది. ఆ డేవీ గ్రాహమే మొరాకో వెళ్లి, అక్కడి ఊద్ వాద్యకారులతో కలిసి వాయించడానికి గిటార్ తీగల శ్రుతి మార్చుకున్నాడు. మామూలు పద్ధతిలో దొరకని శ్రుతినాదం దాంతో దొరికింది. పాత ఐరిష్ పాట గిటార్ మీద రాగాలాపనలా సాగడానికి అక్కడే బీజం పడింది.

ఆ రెండు పాయలూ 1967 ప్రాంతంలో కలిశాయి. ఎడిన్‌బరోలో పుట్టిన ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ సితార్, మొరాకో గింబ్రీ వంటి వాద్యాలను స్కాటిష్ పాటల్లో కలిపింది. పెంటాంగిల్ బృందం జాజ్ లయను కలిపింది. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ 1969లో ‘లీజ్ అండ్ లీఫ్’ ఆల్బంతో పాత గాథాగీతాలకు కరెంటు గిటార్లు తగిలించింది. భారత్‌లో సితార్ నేర్చుకున్న స్కాట్లండ్ వాద్యకారుడు క్లెమ్ ఆల్ఫర్డ్, గాయని అలీషా సూఫిట్‌తో కలిసి 1972లో ‘మ్యాజిక్ కార్పెట్’ అనే ఆల్బం చేశాడు. దానిలో సితార్ పక్కవాద్యం కాదు, పాటకు నడక నేర్పేదే అది.

ఈ బాణీ అసలు స్వభావం పొడుగు పాటలదే. 1966 డిసెంబరులో లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో తెరుచుకున్న యూఫో క్లబ్బులో పింక్ ఫ్లాయిడ్ ఒకే పాటను ఎంతసేపైనా సాగదీసేది. అదే బృందం 1967 మార్చిలో తెచ్చిన తొలి సింగిల్ ‘ఆర్నాల్డ్ లేన్’ మూడు నిమిషాల్లో ముగుస్తుంది. కథ, వింత ధ్వనులు, ఆర్గన్ వాదన అన్నీ దాంట్లోనే సర్దాలి. ఆ ఇరుకు పాటకు చెడు చేయలేదు. నిజానికి బ్రిటిష్ సైకెడెలిక్ సంగీతంలో ఇప్పటికీ తాజాగా వినిపించేది సింగిళ్లే. ఆ కాలపు పొడుగు ఆల్బంలలో చాలావాటికి ఓపిక కావాలి.

వందకు ఒకటి తక్కువ

ఇప్పటి చిన్న లేబుళ్లు 300, 500 ప్రతులకే ఆగిపోవడం కొత్త అలవాటేమీ కాదు. 1973 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చేదాకా బ్రిటన్‌లో రికార్డుల మీద కొనుగోలు పన్ను ఉండేది. వందకు లోపు అచ్చువేస్తే దాని బాదుడు తప్పించుకునే వీలుండేది. అందుకే స్థానిక స్టూడియోల్లో సొంత డబ్బుతో పాడుకున్న జానపద క్లబ్బుల వాళ్లు, కాలేజీ బృందాలు సరిగ్గా 99 ప్రతులు వేయించుకునేవారు. స్నేహితులకు కొన్ని, వేదిక దగ్గర అమ్మకానికి కొన్ని. నార్తాంప్టన్ బృందం డార్క్ 1972లో చేయించుకున్న ‘రౌండ్ ది ఎడ్జెస్’ వంద కూడా లేదు. ఆ తొలి ముద్రణ ప్రతి దొరికితే ఇవాళ వేల పౌండ్లు పలుకుతుంది.

సేకర్తలు వీటిని ప్రైవేటు ప్రెస్సింగ్ అంటారు. తెలుగులో ఆ మాట వేరే అర్థంలో స్థిరపడింది. రేడియో భాషలో ప్రైవేటు పాట అంటే సినిమాది కాని పాట. ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ ఆ లెక్కన ప్రైవేటు, కానీ దాన్ని అచ్చువేసింది పెద్ద కంపెనీయే. బ్రిటన్‌లో ప్రైవేటు అంటే పాడినవాడే డబ్బు పెట్టుకున్నది.

తక్కువ ప్రతులంటే మరుపు కూడా తొందరగానే వస్తుంది. 1965లో డెక్కా సింగిల్‌తో మొదలైన వాష్టి బన్యన్, తర్వాత గుర్రబ్బండి మీద స్కాట్లండ్ దీవుల వైపు ప్రయాణం కట్టి, ఆ దారిలో కట్టుకున్న పాటలతో 1970లో ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ ఆల్బం చేసింది. పెద్దగా ఎవరూ కొనలేదు. ఆమె పాడటం మానేసి పిల్లల్ని పెంచుకుంది. 2000లో ఆ ఆల్బం మళ్లీ విడుదలయ్యాక కుర్ర గాయకులు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. 2005లో, అంటే 35 ఏళ్ల తర్వాత, రెండో ఆల్బం వచ్చింది. సైకెడెలిక్ జానపదం మీద ఈ శతాబ్దంలో పుట్టిన మోజుకు ఇలాంటి పునర్జన్మలే ప్రాణం. 1973 నాటి సినిమా ‘ది వికర్ మ్యాన్’ సంగీతాన్ని 1998లో జానీ ట్రంక్ తన చిన్న లేబుల్ మీద తొలిసారి రికార్డుగా తేవడం కూడా అలాంటిదే. పాతికేళ్లు సినిమా రీళ్లలోనే ఉండిపోయిన ఆ పాటలు ఇప్పుడు ఏ జానపద బృందానికైనా పాఠ్యపుస్తకం.

పీతల జాబితా

2008 స్వతంత్ర సంగీతానికి కలిసొచ్చిన సంవత్సరం. ఆ ఏప్రిల్‌లోనే మొదటి రికార్డ్ స్టోర్ డే, అంటే స్వతంత్ర రికార్డు దుకాణాల పండుగ, జరిగింది. ఆ సెప్టెంబరులో బృందాలు తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్ తెరుచుకుంది. బ్రిటన్‌లో వినైల్ ఆల్బంల అమ్మకం అంతకు ముందటి ఏడు, 2007లో, సుమారు 2 లక్షలకు పడిపోయి అడుగంటింది. అలాంటి సమయంలో ఫ్రూట్స్ డి మేర్ పుట్టింది. దాని మొదటి రికార్డు అమెరికా బృందం స్కిజో ఫన్ ఆడిక్ట్ వాయించిన ఏడంగుళాల సింగిల్. ఒక వైపు ‘థీమ్ వన్’, రెండో వైపు ‘ఓగ్డెన్స్ నట్ గాన్ ఫ్లేక్’. మొదటిది 1967లో బీబీసీ రేడియో 1 ప్రారంభానికి బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కట్టిన బాణీ. రెండోది గుండ్రటి పొగాకు డబ్బాలాంటి అట్టలో వచ్చిన స్మాల్ ఫేసెస్ 1968 ఆల్బంలోది.

లేబుల్ ఎంచుకున్న సూత్రం ఆ రికార్డులోనే ఉంది. ఇప్పటి బృందాలు 1960, 70ల నాటి సైకెడెలిక్, జానపద, ప్రోగ్రెసివ్, జర్మన్ రాక్ పాటలను తమ పద్ధతిలో మళ్లీ పాడాలి. సొంత పాటలకు రీగల్ క్రాబోమోఫోన్ ఉంది. పాత పాటను మళ్లీ పాడటంలో ఒక చిక్కుంది. అసలు గాయకుడి ప్రతి మలుపునూ అనుకరిస్తే అది ఆర్కెస్ట్రా కచేరీ అవుతుంది, మరీ మార్చేస్తే అభిమాని మొహం చిట్లిస్తాడు. ఫ్రూట్స్ డి మేర్ జాబితాలో రెండు రకాలూ ఉన్నాయి. నిలిచేవి మాత్రం పాటను ఇల్లు మార్చినవే. స్వీడన్ జంట అస్ అండ్ దెమ్, ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ గాయని శాండీ డెనీ పాటలను, ‘వికర్ మ్యాన్’ పాటలను తీసుకుని దాదాపు గుసగుసగా పాడింది. డెనీ గొంతులోని నిండుదనాన్ని అందుకోవాలని చూడకపోవడమే వాళ్ల తెలివి.

లిస్బన్ బృందం బ్యూటిఫై జంక్‌యార్డ్స్ ఉదాహరణ ఇంకా బాగుంటుంది. వాళ్ల ఏడంగుళాల సింగిల్‌లో ఒక వైపు నిక్ డ్రేక్ పాట ‘ఫ్రమ్ ది మార్నింగ్’, రెండో వైపు బ్రెజిల్ సైకెడెలిక్ బృందం ఓస్ ముటాంటెస్ పాట. 1974లో 26 ఏళ్లకే కన్నుమూసిన ఇంగ్లిష్ గాయకుడొకరు, పోర్చుగీసులో పాడే సావోపాలో అల్లరి మూక మరొకరు. వాళ్లను ఒకే పళ్లేనికి రెండు ముఖాలుగా నిలబెట్టడమే ఒక వ్యాఖ్యానం. ప్లేలిస్టులో ఈ రెండు పాటలు పక్కపక్కన వస్తే గమనించేవాళ్లు తక్కువ. తిరగేయాల్సి వచ్చినప్పుడు పోలిక దానంతటదే తడుతుంది. ఆ బృందం తర్వాత సొంత పాటలతో ఘోస్ట్ బాక్స్ అనే మరో ఇంగ్లిష్ లేబుల్‌కు చేరింది.

లేబుల్ జాబితాలో షికాగో బృందం ది లక్ ఆఫ్ ఈడెన్ హాల్, 1980ల చివర పుట్టిన లండన్ జంట ది కెమిస్ట్రీ సెట్, వేల్స్ బృందం సెండెలికా ఉన్నాయి. 1960ల నాటి అసలు యోధులు ది ప్రెటీ థింగ్స్ కూడా ఉన్నారు. అమెరికా సైకెడెలిక్ పాటలతో ఏడు సింగిళ్లను ఒక పెట్టెలో పెట్టి, లవ్ బృందం 1966 పాట పేరునే తీసుకుని, ‘7 అండ్ 7 ఈజ్’ అని అమ్మారు. వేల్స్‌లోని కార్డిగన్ అనే చిన్న పట్టణంలో ‘డ్రీమ్ ఆఫ్ డాక్టర్ సార్డానికస్’ పేరుతో జరిగే వేసవి ఉత్సవంలో ఈ లేబుల్ బృందాలు వాయించేవి. కొనేవాళ్లు, పాడేవాళ్లు, అచ్చువేసేవాళ్లు ఒకే చిన్న హాల్లో పట్టేంత లోకమిది.

ఈ వీధిలో ఇంకొన్ని ఇళ్లున్నాయి. 2004లో జిమ్ జప్, జూలియన్ హౌస్ ప్రారంభించిన ఘోస్ట్ బాక్స్ పాత పాఠ్యపుస్తకాల అట్టల తీరులో ఏడంగుళాల వరుసలు తెచ్చింది. చిత్రకారిణి ఫ్రాన్సిస్ కాజిల్ నడిపే క్లే పైప్ మ్యూజిక్ అట్టలకు బొమ్మలు ఆవిడే వేస్తుంది. ఆండీ వోటెల్ భాగస్వామిగా ఉన్న ఫైండర్స్ కీపర్స్ మాత్రం కొత్తవి పాడించదు, పాతవి తవ్వుతుంది. ఆ తవ్వకం మద్రాసు దాకా వచ్చింది. ఇళయరాజా 1970ల చివర, 80ల మొదట్లో చేసిన తమిళ సినిమా పాటలను ‘సొల్ల సొల్ల’ పేరుతో సంకలనం చేసి వినైల్‌గా అమ్మింది. అదే కోడంబాక్కం స్టూడియోల్లో, దాదాపు అదే వాద్యబృందంతో ఆయన తెలుగు పాటలూ రికార్డయ్యాయి. హైదరాబాద్, విజయవాడ పాత సామాన్ల దుకాణాల్లో ఆ తెలుగు ఈపీలను వెతికేవాళ్లు ఇప్పుడు పెరిగారు.

గాడి గీయడం

పాట సిద్ధమయ్యాక అది పళ్లెం కావడానికి చాలా చేతులు మారాలి. మొదట అల్యూమినియం పళ్లెం మీద నైట్రోసెల్యులోజ్ లక్కరు పూసిన నున్నటి బిళ్లను లేత్ మీద పెడతారు. కెంపు లేదా నీలం రాతితో చేసిన ఉలి దాని మీద గాడి గీస్తుంది. గీకిన సన్నటి పోగును పక్కనే ఒక గొట్టం పీల్చేస్తుంటుంది. వెంట్రుకలాంటి ఆ పోగు ఉలికి చుట్టుకుంటే బిళ్ల పాడైనట్టే, మళ్లీ మొదటికి రావాలి.

ఈ దశలో రెండు బాణీలూ రెండు రకాల తలనొప్పులు తెస్తాయి. స్టీరియో గాడిలో ఎడమ, కుడి ధ్వనులు చెరో గోడ మీద ఉంటాయి. రెండూ ఒకేలా కదిలితే ఉలి పక్కలకు ఊగుతుంది. ఒకదానికొకటి ఎదురు తిరిగితే పైకీ కిందికీ ఊగుతుంది. సైకెడెలిక్ పాటకు ముద్దొచ్చే ఫేజింగ్ సరిగ్గా ఆ ఎదురు తిరిగే పనే చేస్తుంది. మంద్రస్థాయిలో అది ఎక్కువైతే గాడి ఒకచోట మరీ లోతై, మరోచోట మాయమై, ఇంట్లో ముల్లు ఎగిరి పడుతుంది. కాబట్టి చెక్కే ఇంజనీరు బాస్ ధ్వనులను నడిమికి లాగి పెడతాడు. జానపద పాట బాధ దీనికి తలకిందులు. ఒక గిటార్, ఒక గొంతు, మధ్యలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ప్లాస్టిక్‌లోని ప్రతి చిటపటా వినిపిస్తుంది. పైగా గాయని గొంతు మైకుకు దగ్గరగా ఉంటే స, ష అక్షరాలు ఈలలై చీలతాయి. ఒకరికి హోరు ఎక్కువై కష్టం, మరొకరికి తక్కువై కష్టం.

గాడి పొడవు మరో కొలత. 45 చుట్ల వేగంలో సింగిల్ బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 40 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం 25 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే స్వరాన్ని తక్కువ చోటులో ఇరికించాల్సి రావడంతో పాట చివర పై స్థాయిలు మసకబారతాయి. గట్టిగా, శుభ్రంగా వినిపించాలంటే ఒక వైపు నాలుగు నిమిషాల దగ్గర ఆపడం మేలు. ఆరు నిమిషాల పాట తెస్తే ధ్వని తగ్గించుకోవాలి, లేదా 33 చుట్లకు దిగాలి. క్లబ్బులో ఇరవై నిమిషాలు వాయించే బృందం సింగిల్ కోసం పాటను కుదించుకోవడం వెనక ఉన్నది రుచి కన్నా ఈ లెక్కే.

చెక్కిన బిళ్ల మీద వెండి పూత చల్లి, నికెల్ తొట్టిలో ముంచి లోహపు అచ్చు తీస్తారు. ఆ అచ్చుకు అచ్చు, దానికి మరో అచ్చు. వీటిని ఫ్యాక్టరీ భాషలో తండ్రి, తల్లి, స్టాంపర్ అంటారు. ఒక స్టాంపర్ సుమారు వెయ్యి ప్రతులు ఓర్చుకుంటుంది. అంటే 300 ప్రతుల సింగిల్‌కు స్టాంపర్ అరగకముందే పని అయిపోతుంది. చివరి ప్రతి కూడా మొదటి దానిలాగే పలుకుతుందని చిన్న లేబుళ్లు చెప్పుకునే గొప్పలో అబద్ధం లేదు.

తర్వాత ప్రెస్సు. వేడికి మెత్తబడిన పీవీసీ ముద్దను, పైన ఒక కాగితం లేబుల్, కింద ఒక కాగితం లేబుల్ పెట్టి, రెండు స్టాంపర్ల మధ్య వంద టన్నులకు పైబడిన ఒత్తిడితో నొక్కుతారు. చాలామంది అనుకున్నట్టు లేబుల్‌ను జిగురుతో అంటించరు. అది ప్లాస్టిక్‌లోకే ఒదిగిపోతుంది. అందుకే ముందుగా ఆ కాగితాలను పొయ్యిలో కాల్చి తేమ పోగొడతారు. తేమ మిగిలితే లేబుల్ బుడగలు లేచి చిరుగుతుంది. అంచున పొంగిన ప్లాస్టిక్‌ను కోసేసి, చల్లార్చి, అట్టలో వేస్తారు. రంగుల గుళికలు కలిపితే నారింజో నీలమో అయిన పళ్లెం వస్తుంది. సైకెడెలిక్ లేబుళ్లకు ఈ రంగుల మోజు కాస్త ఎక్కువే. బొట్లు బొట్లుగా చిమ్మినట్టుండే పళ్లెం చూడ్డానికి ముచ్చటగా ఉన్నా, నలుపు కన్నా చప్పుడు ఎక్కువ చేస్తుందన్న ఫిర్యాదు సేకర్తల్లో పాతది.

అంతా వేయకముందు నాలుగైదు పరీక్ష ప్రతులు లేబుల్‌కు వస్తాయి. అట్ట ఉండదు, లేబుల్ తెల్లగా ఉంటుంది. విని సరే అంటేనే మిగతావి. ఆ తెల్ల లేబుల్ ప్రతులే తర్వాత అన్నిటికన్నా ఖరీదవుతాయి. పాట ముగిశాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి పట్టీలో ఇంజనీరు వరుస సంఖ్య గీస్తాడు. చాలాసార్లు పక్కనే ఒక చిలిపి మాట కూడా గీస్తాడు. బ్రిటన్‌లో జార్జ్ పెకమ్ అనే ఇంజనీరు తాను చెక్కిన వాటి మీద ‘పోర్కీ’ పేరుతో సంతకం పెట్టేవాడు. ఆ పేరున్న పళ్లెం అంటే ధ్వని గట్టిగా ఉంటుందని కొనేవాళ్లకు భరోసా. దీపం వెలుగులో పళ్లేన్ని ఏటవాలుగా పట్టుకుంటేనే ఆ గీతలు కనిపిస్తాయి.

లెక్క, వరుస

సింగిల్ ఖర్చులో చాలా భాగం మొదటి ప్రతికే అయిపోతుంది. చెక్కడం, అచ్చులు తీయడం, అట్ట డిజైను ఖర్చులు 300 వేసినా 3,000 వేసినా ఇంచుమించు అంతే. కాబట్టి చిన్న ముద్రణలో ప్రతి పళ్లెం మీదా ఆ బరువు ఎక్కువ పడుతుంది. రెండు పాటల పళ్లేనికి కొనేవాడు ఇచ్చే ధరకు ఒక హద్దుంది. పన్నెండంగుళాల ఆల్బంను దానికి రెట్టింపు ధరకు అమ్మవచ్చు కానీ, దాని తయారీ ఖర్చు రెట్టింపు కాదు. సింగిళ్లలో లాభం సన్నగా ఉండేది అందుకే. పాత పాటను మళ్లీ పాడితే దాని రచయితకూ స్వరకర్తకూ బ్రిటన్‌లో ఎంసీపీఎస్ అనే సంస్థ ద్వారా డీలరు ధరలో 8.5 శాతం ముట్టాలి. ఇదంతా పోగా మిగిలేది తర్వాతి సింగిల్ పెట్టుబడికి సరిపోతే ఏడాది బాగా గడిచినట్టు.

వినైల్‌కు మళ్లీ గిరాకీ రావడం చిన్న లేబుళ్లకు మేలు చేసిందని అనుకోవడం సహజం. నిజానికి జరిగింది సగం మేలు, సగం కీడు. బ్రిటన్‌లో వినైల్ ఆల్బంల అమ్మకాలు 2023లో 59 లక్షలు దాటి, 2024లో 67 లక్షలకు చేరాయి. ఆ పెరుగుదలను పట్టుకుని పెద్ద కంపెనీలు లక్షల ప్రతుల ఆర్డర్లతో మిగిలిన కొద్ది ప్రెస్సుల ముందు వరుసకట్టాయి. ప్రేగ్ దగ్గర లొదెనిట్సెలో 1951 నుంచి రికార్డులు వేస్తున్న జీజెడ్ మీడియా వంటి భారీ ఫ్యాక్టరీలు కూడా తట్టుకోలేకపోయాయి. దానికి తోడు 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలోని బానింగ్‌లో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది. చెక్కే లక్కరు బిళ్లలు చేసేవి అప్పటికి ప్రపంచంలో రెండే. రెండోది జపాన్‌లో ఉంది. కోవిడ్ కాలంలో ప్రెస్సు దగ్గర నిరీక్షణ కొన్నాళ్లు ఏడాది దాకా సాగింది. 300 ప్రతుల సింగిల్ ఆ వరుసలో ఎప్పుడూ తోకనే. వేసవి పాట చలికాలంలో చేతికొచ్చిన సందర్భాలున్నాయి. ఆ తర్వాత కొత్త ప్రెస్సులు తెరుచుకుని వరుస తగ్గింది కానీ ధరలు మాత్రం దిగలేదు.

ఈ ఇబ్బందుల్లో లేబుళ్లను నిలబెట్టింది పాత ఖాతాదారుల పేర్ల చిట్టా. విడుదలకు కొన్ని వారాల ముందే ఈమెయిల్ వెళుతుంది. ముందుగా డబ్బు కట్టినవాళ్ల సంఖ్యే ప్రెస్సుకు వెళ్లే సంఖ్యకు ఆధారం. సింగిల్ వారంలో అయిపోయి, మరుసటి వారం పాత రికార్డుల సంతలో మూడింతల ధరకు కనిపించడం మామూలే. ఆ లాభంలో లేబుల్‌కు గానీ పాడినవాళ్లకు గానీ దమ్మిడీ రాదు. మళ్లీ అచ్చువేస్తే ఆ సంత కూలుతుంది, మొదట కొన్నవాళ్లు గొణుగుతారు. చాలా లేబుళ్లు రెండో ముద్రణ జోలికి పోకుండా ఆ పాటలను ఎప్పుడో ఒక సంకలనంలో చేర్చి మధ్యేమార్గం తొక్కుతాయి.

చివరి మెట్టు తపాలా. అనుభవమున్నవాళ్లు పళ్లేన్ని అట్టలోంచి తీసి, లోపలి కాగితపు సంచితోనే దాని పక్కన పెట్టి పంపుతారు. అట్టలోనే ఉంచితే దారిలో పడ్డ కుదుపులకు పళ్లెం అంచు అట్ట కుట్టును లోపలినుంచి చీలుస్తుంది. రెండు వైపులా రెండు గట్టి అట్టముక్కలు, వాటి పోగులు ఒకటి నిలువుగా, మరొకటి అడ్డంగా ఉండేలా పెడతారు. అప్పుడు పొట్లం ఏ వైపుకూ సులువుగా వంగదు. పైన ‘వంచరాదు’ అని రాస్తారు. పోస్టుమ్యాన్ తలుపు సందులోంచి దాన్ని తోసే ప్రయత్నం ఎలాగూ చేస్తాడు.